ఒక్క పాయింటు చెప్పండి: పురుషుల టెన్నిస్ విజేతల జీవితాల్లో మరపురాని ఘడియలు

ఎర్రమట్టి

సభ్యులందరికీ నమస్కారం. ఎవరు ఎన్ని గ్రాండ్‌స్లామ్‌లు (ఏటా జరిగే నాలుగు పెద్ద టోర్నీల టైటిళ్లు) గెలిచారు, అందరిలోకీ ఎవరు గొప్ప అన్న వాదన ఇక్కడ చాలాసార్లు జరిగింది. జరిగిన ప్రతిసారీ ఇద్దరు ముగ్గురు సభ్యులు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మానేశారు. అందుచేత ఈసారి వేరే ప్రశ్న వేస్తున్నాను. మీకు నచ్చిన విజేత ఆడిన ఆటలో ఒక్క పాయింటును, మహా అయితే ఒక్క గేమును ఎన్నుకొని, అది మీకెందుకు గుర్తుండిపోయిందో రాయండి. అది ఫైనల్లోదే కానక్కరలేదు.

ముందు నాది చెబుతాను. 2009 జూన్ 1, ఫ్రెంచ్ ఓపెన్ నాలుగో రౌండులో ఫెదరర్, టామీ హాస్ ఆడుతున్నారు. అంతకు ముందు రోజే, 2005 నుంచి ఆ టోర్నీలో ఒక్క మ్యాచ్ కూడా ఓడని నాదల్‌ను స్వీడన్ ఆటగాడు సోడర్లింగ్ ఇంటికి పంపాడు. అంతకు ముందు మూడేళ్లూ ఫైనల్లో నాదల్ చేతిలోనే ఓడిన ఫెదరర్‌కు, తలుపు తెరిచిపెట్టి రమ్మని పిలిచినట్టయింది. తీరా చూస్తే ఆయన హాస్‌కు తొలి రెండు సెట్లూ అప్పగించి, మూడో సెట్లో 3-4తో వెనుకబడి, తన సర్వీసులో 30-40 దగ్గర నిలబడి ఉన్నాడు. ఆ పాయింటు పోతే హాస్ 5-3తో మ్యాచ్ కోసం సర్వీసు చేస్తాడు. అప్పుడు తన బ్యాక్‌హ్యాండ్ వైపు వచ్చిన బంతిని ఫెదరర్ చుట్టూ తిరిగి వెళ్లి, ఫోర్‌హ్యాండ్‌తో హాస్ బ్యాక్‌హ్యాండ్ మూలకు, గీత దగ్గరకు కొట్టాడు. హాస్‌కు అది అందలేదు. అక్కడి నుంచి 6-4, 6-0, 6-2. ఆ వారాంతంలోనే ఆయన తన ఏకైక ఫ్రెంచ్ ఓపెన్ గెలిచి, సంప్రాస్ గెలిచిన 14 గ్రాండ్‌స్లామ్ టైటిళ్ల సంఖ్యను అందుకున్నాడు.

ఆయన గెలిచిన ఫైనళ్లలో సగం నాకు కలగాపులగంగా గుర్తున్నాయి కానీ, ఆ ఒక్క ఫోర్‌హ్యాండ్ మాత్రం పాదాల అడుగులతో సహా గుర్తుంది.

సాగరతీరం

మంచి ప్రశ్న వేశారు. నాది అందరికీ తెలిసిన మ్యాచే కనుక కొత్తదనం లేదని తప్పుపట్టకండి.

2008 జూలై 6, వింబుల్డన్ ఫైనల్. నాదల్ తొలి రెండు సెట్లూ 6-4, 6-4తో గెలిచాడు. వాన వల్ల ఆట ఆగింది. ఫెదరర్ మూడో సెట్టును టైబ్రేక్‌లో, అంటే సమానంగా ఉన్న సెట్టును తేల్చే చివరి గేములో, గెలిచాడు. నాలుగో సెట్టు కూడా టైబ్రేక్‌కే వెళ్లింది. నాదల్ 5-2తో ముందున్నాడు, రెండు సర్వీసులు అతని చేతిలోనే ఉన్నాయి. అక్కడ అతను డబుల్ ఫాల్ట్ చేశాడు, అంటే రెండు ప్రయత్నాల్లోనూ సర్వీసు తప్పి పాయింటు పోయింది. తర్వాతి పాయింటులో బ్యాక్‌హ్యాండ్ నెట్‌కు కొట్టాడు. అంత వరకూ ఇనుప మనిషిలా ఆడినవాడికి చేయి వణకడం నేను అప్పుడే మొదటిసారి చూశాను. తర్వాత 7-6 దగ్గర ఒక ఛాంపియన్‌షిప్ పాయింటు, అంటే గెలిస్తే టైటిలే దక్కే పాయింటు, పోయింది. 7-7 దగ్గర నాదల్ పరుగెత్తుతూ కొట్టిన ఫోర్‌హ్యాండ్ పాసింగ్ షాట్ చూసి మా నాన్నగారు కుర్చీలో నుంచి లేచి నిలబడ్డారు. ఇక 8-7, మళ్లీ ఛాంపియన్‌షిప్ పాయింటు, ఈసారి నాదల్ సర్వీసు. నాదల్ నెట్ దగ్గరకు వచ్చాడు. ఫెదరర్ తన ఒంటిచేతి బ్యాక్‌హ్యాండ్‌తో బంతిని గీత వెంబడి తిన్నగా పంపించాడు. నాదల్ తలతిప్పి చూడటం తప్ప చేయగలిగింది లేకపోయింది.

సరిగ్గా ఆ షాట్ తర్వాత మా వీధిలో కరెంటు పోయింది. ఇన్వర్టర్ ఉన్న ఎదురింటివాళ్ల తలుపు ఆ అర్ధరాత్రి తట్టడానికి మా అమ్మగారు ఒప్పుకోలేదు. ఇరవై నిమిషాల తర్వాత కరెంటు వచ్చేసరికి అయిదో సెట్టు నడుస్తోంది. 2-2 దగ్గర మళ్లీ వాన. మన గడియారంలో రాత్రి ఒంటిగంట ముప్పావు ప్రాంతంలో, అక్కడ సంధ్య చీకటిగా మారుతుండగా, నాదల్ తన నాలుగో ఛాంపియన్‌షిప్ పాయింటును గెలిచాడు: 9-7. నాలుగు గంటల 48 నిమిషాల ఆట. సెంటర్ కోర్టుకు పైకప్పు మరుసటి ఏడాది వచ్చింది. అది ఒక్క ఏడాది ముందే వచ్చి ఉంటే ఆ చీకటీ లేదు, ఆ గుబులూ లేదు.

ఇక్కడ నా చిక్కు ఏమిటంటే, ఆ మ్యాచ్ గెలిచింది నాదల్, నేను అప్పుడూ ఇప్పుడూ నాదల్ పక్షమే. అయినా కళ్లు మూసుకుంటే కనిపించేది ఓడినవాడు కొట్టిన ఆ బ్యాక్‌హ్యాండే.

తెనాలి మాష్టారు

చిరంజీవులకు ఆశీస్సులు. నేను విశ్రాంత ఉపాధ్యాయుడిని. నా వయసు వల్ల నాకు గుర్తుండే ఘడియలు మీరు పుట్టక ముందువి. వాటిలో ఒకదాన్ని నేను చూడలేదు, పత్రికలో చదివాను. చాలా ఏళ్ల తర్వాత మా అబ్బాయి కంప్యూటరులో చూపించినప్పుడు, చదివి ఊహించుకున్నదానికీ చూసినదానికీ పెద్దగా తేడా లేకపోవడం నాకే ఆశ్చర్యం కలిగించింది.

1975 జూలై 5, వింబుల్డన్ ఫైనల్, ఆర్థర్ యాష్, జిమ్మీ కానర్స్. కానర్స్‌కు 22 ఏళ్లు, ప్రపంచ నంబర్ వన్, అంతకు ముందు ఏడాది విజేత. ఆ టోర్నీలో ఒక్క సెట్టు కూడా ఓడకుండా ఫైనల్‌కు వచ్చాడు. యాష్‌కు మరో అయిదు రోజుల్లో 32 నిండుతాయి. అంతకు ముందు ఇద్దరూ తలపడిన మూడుసార్లూ కానర్సే గెలిచాడు. పైగా యాష్ మీద కానర్స్ కోర్టులో, అంటే న్యాయస్థానంలో, పరువునష్టం దావా వేసి ఉన్నాడు. దేశం తరఫున డేవిస్ కప్ (దేశాల జట్ల మధ్య పోటీ) ఆడడం లేదని యాష్ విమర్శించడమే దానికి కారణం. ఫైనల్ రోజున యాష్ ఛాతీ మీద అమెరికా పేరు ఉన్న డేవిస్ కప్ జాకెట్టు వేసుకొని సెంటర్ కోర్టులోకి నడిచి వచ్చాడు. నోరు తెరవకుండా జవాబు చెప్పడం అంటే అదీ.

ఆట మాటకు వస్తాను. యాష్ జీవితమంతా బంతిని బలంగా కొట్టినవాడు. ఆయన సర్వీసుకూ బ్యాక్‌హ్యాండుకూ ప్రత్యర్థులు భయపడేవారు. కానర్స్‌కు కావలసింది సరిగ్గా ఆ బలమే, ఎందుకంటే ఎదుటివాడి వేగాన్ని అరువు తీసుకొని వడ్డీతో సహా తిరిగి ఇవ్వడంలో ఆయనను మించినవాడు లేడు. అందువల్ల యాష్ ఆ రోజు అప్పు ఇవ్వడం మానేశాడు. బంతులను మెత్తగా, వేగం లేకుండా, కానర్స్ ఫోర్‌హ్యాండ్ ముందు నేలబారుగా పడేటట్టు వదిలాడు. అలాంటి బంతిని కింద నుంచి ఎత్తి కొట్టాలంటే వేగాన్ని తనే పుట్టించుకోవాలి, పుట్టించుకోబోతే బంతి నెట్‌కు తగిలేది. ఎడమచేతి వాటం గల కానర్స్ రెండు చేతులతో బ్యాక్‌హ్యాండ్ కొడతాడు కనుక చేయి ఎక్కువ దూరం చాచలేడని, యాష్ సర్వీసును స్లైస్ చేసి కోర్టు బయటకు లాగాడు. కానర్స్ ముందుకు వస్తే తల మీదుగా లాబ్ వేశాడు. 6-1, 6-1. నలభై నిమిషాలు గడిచీ గడవకముందే ప్రపంచ నంబర్ వన్‌కు ఏమి జరుగుతోందో అర్థం కాని పరిస్థితి వచ్చింది.

నేను ఎన్నుకున్న ఘడియ మాత్రం పాయింటు కాదు, అందుకు నియమం సడలించవలసిందిగా ఎర్రమట్టి గారిని కోరుతున్నాను. కోర్టు వైపులు మారే విరామాల్లో యాష్ కుర్చీలో కూర్చొని, చేతులు ఒడిలో పెట్టుకొని, కళ్లు మూసుకొని ధ్యానంలో ఉన్నట్టు ఉండిపోయేవాడు. కానర్స్ మూడో సెట్టు 7-5తో గెలిచాడు, నాలుగో సెట్లో 3-0తో ముందుకు వెళ్లాడు. అప్పటికి ఎవరైనా సరే, ఈ మెత్తని బంతుల పని అయిపోయింది, పాత పద్ధతిలో బలంగా కొడదాం అనుకుంటారు. యాష్ అనుకోలేదు. అదే ఆట, అదే కుర్చీ, అవే మూసిన కళ్లు. చివరికి 6-4. గెలిచాక తన వాళ్లు కూర్చున్న వైపు తిరిగి ఒక్కసారి పిడికిలి ఎత్తి, వెంటనే దించేశాడు. వింబుల్డన్ గెలిచిన తొలి నల్లజాతి పురుషుడు ఆయనే.

దీనికి ముందు ఏడాది, 1974లో, మన దేశం డేవిస్ కప్ ఫైనల్‌కు చేరి, ఎదుట వర్ణవివక్ష పాటిస్తున్న దక్షిణాఫ్రికా ఉన్నందున ఆడడానికి నిరాకరించింది. అమృతరాజ్ సోదరులు కలకత్తాలో ఆస్ట్రేలియాను ఓడించి తెచ్చిన అవకాశం అది. కప్పు దక్షిణాఫ్రికాకు పోయింది. ఆ నిర్ణయం సరైనదేనని మా కళాశాల వసతిగృహంలో సగం మంది, ఆడి ఓడించి ఉండవలసిందని మిగతా సగం మంది రాత్రంతా వాదించుకున్నాం. అందుకే మరుసటి ఏడాది యాష్ గెలిచాడన్న వార్తను మేము ఆటల వార్తగా మాత్రమే చదవలేదు.

ఎర్రమట్టి

మాష్టారూ, మీకు నియమం వర్తించదు. అప్పు, వడ్డీ పోలికతో కానర్స్ ఆట నాకు ఇవాళ అర్థమైంది.

గడ్డి కోర్టు

పాత ఆటల ప్రస్తావన వచ్చింది కనుక 1980 వింబుల్డన్ ఫైనల్ చెప్పకుండా ఉండలేను. బోర్గ్, మెకెన్రో, నాలుగో సెట్టు టైబ్రేక్, 18-16. ఒక్క టైబ్రేక్‌లో 34 పాయింట్లు. అందులో బోర్గ్ ఏడు ఛాంపియన్‌షిప్ పాయింట్లు పోగొట్టుకున్నాడు. ఇంతకంటే గొప్ప ఘడియ పురుషుల టెన్నిస్‌లో ఉందని నేను అనుకోను.

తెనాలి మాష్టారు

చిన్న సవరణ. ఏడింటిలో రెండు టైబ్రేక్‌కు ముందే, 5-4తో బోర్గ్ సర్వీసు చేస్తూ 40-15తో ఉన్నప్పుడు పోయాయి. టైబ్రేక్‌లో పోయినవి అయిదు.

గడ్డి కోర్టు

నిజమే, సరిదిద్దినందుకు ధన్యవాదాలు.

బాలల శిక్షకుడు

నేను విజయవాడలో పిల్లలకు టెన్నిస్ నేర్పుతాను. గడ్డి కోర్టు గారితో ఒక విషయంలో విభేదిస్తాను. ఆ టైబ్రేక్ మెకెన్రో ఘడియ. బోర్గ్ ఘడియ దాని వెంటనే వచ్చిన గేము. ఏడు అవకాశాలు పోగొట్టుకొని, సెట్టు పోగొట్టుకొని, అయిదో సెట్టు తొలి గేములో సర్వీసు చేయడానికి వచ్చి, మొదటి రెండు పాయింట్లు కూడా ఓడిపోయాడు. 0-30. అలాంటి చోట పెద్ద పెద్ద ఆటగాళ్ల భుజాలు కిందికి జారడం చూస్తాం. బోర్గ్ అక్కడి నుంచి తన సర్వీసులో వరుసగా 19 పాయింట్లు గెలిచాడు. చివరికి 8-6, వరుసగా అయిదో వింబుల్డన్. నేను పిల్లలకు టైబ్రేక్ చూపించను, ఆ గేము చూపిస్తాను.

చూపించకూడనిది ఒకటి చూపించి ఇబ్బంది పడిన సంగతి కూడా చెప్పాలి. 1989 ఫ్రెంచ్ ఓపెన్ నాలుగో రౌండులో 17 ఏళ్ల మైకేల్ చాంగ్ ప్రపంచ నంబర్ వన్ లెండిల్‌తో ఆడాడు. తొలి రెండు సెట్లూ 4-6, 4-6తో పోయాయి. తర్వాతి రెండూ గెలిచేసరికి కాళ్ల కండరాలు పట్టేశాయి. కూర్చుంటే మళ్లీ లేవలేనేమోనని విరామాల్లో నిలబడే ఉన్నాడు, అరటిపండ్లు తిన్నాడు, నీళ్లు తాగాడు. ఒక దశలో ఇక తప్పుకుందామనుకొని అంపైరు వైపు నడిచి, మనసు మార్చుకొని వెనక్కి వచ్చాడు. అయిదో సెట్లో 4-3, తన సర్వీసు, 15-30. ర్యాకెట్టును కిందికి దించి, చిన్నపిల్లలు షటిల్ ఆడేటప్పుడు వేసినట్టు, కింది చేతి సర్వీసు వేశాడు. లెండిల్ తడబడ్డాడు, పాయింటు చాంగ్‌కు వెళ్లింది. మ్యాచ్ పాయింటు దగ్గర లెండిల్ రెండో సర్వీసు వేయబోతుండగా చాంగ్ బేస్‌లైన్ వదిలి సర్వీసు గీత దాకా నడుచుకుంటూ వచ్చి నిలబడ్డాడు. లెండిల్ డబుల్ ఫాల్ట్ చేశాడు. ఆ చాంగే ఫైనల్లో ఎడ్‌బర్గ్‌ను ఓడించి, గ్రాండ్‌స్లామ్ గెలిచిన అతి పిన్న వయస్కుడైన పురుషుడయ్యాడు.

ఇది చూపించిన మరుసటి ఉదయం కోర్టులో పదకొండు మంది పిల్లల్లో తొమ్మిది మంది కింది చేతి సర్వీసే వేశారు. ఒక తండ్రిగారు నన్ను పక్కకు పిలిచి, మేము ఫీజు కడుతున్నది ఇందుకేనా అని అడిగారు. అది నిబంధనలకు లోబడినదేనని చెప్పినా ఆయన ముఖంలో నమ్మకం కలగలేదు.

రెండో సర్వీసు

నా వంతు. 2019 జూలై 14, ఆదివారం. తేదీ చదవగానే మీలో చాలామందికి టెన్నిస్ గుర్తుకు రాదని తెలుసు. లార్డ్స్‌లో ఇంగ్లండ్, న్యూజిలాండ్ ప్రపంచకప్ ఫైనల్, అదే నగరంలో, అదే సమయంలో, వింబుల్డన్‌లో జకోవిచ్, ఫెదరర్ ఫైనల్. నాలుగు రోజుల ముందు సెమీస్‌లో మన జట్టు ఓడిపోయింది కనుక ఇంట్లో క్రికెట్ మీద ఆసక్తి తగ్గి ఉంటుందని నేను లెక్కవేశాను. మా తమ్ముడి విషయంలో ఆ లెక్క తప్పింది. రిమోట్ వాడి చేతిలోనే ఉండిపోయింది.

అయిదో సెట్లో ఫెదరర్ 8-7తో సర్వీసు చేస్తూ 40-15కు చేరాడు. రెండు ఛాంపియన్‌షిప్ పాయింట్లు. ఆయనకు 38 ఏళ్లు నిండడానికి నెల కూడా లేదు. మా తమ్ముడు, "ఇంకేముంది అన్నయ్యా, ఒక్క ఏస్ కొడతాడు, అయిపోయింది" అని క్రికెట్ పెట్టాడు. ఒక్క ఓవరు చూసి తిరిగి వస్తే తెరమీద 8-8 అని ఉంది. ఛానల్ తప్పుగా పెట్టాడేమో అనుకున్నాను. ఆ రెండు పాయింట్లనూ నేను అర్ధరాత్రి దాటాక, ఆట అయిపోయాక చూశాను. ఫలితం తెలిసిన తర్వాత కూడా, ఫెదరర్ గెలుస్తాడేమోనన్న ఆశతో చూశాను.

12-12 దగ్గర అయిదో సెట్లో టైబ్రేక్ ఆడించడం ఆ ఏడాదే మొదలైంది. జకోవిచ్ 13-12తో గెలిచాడు. నాలుగు గంటల 57 నిమిషాలు. మొత్తం పాయింట్లలో ఫెదరర్‌కు 218, జకోవిచ్‌కు 204. విన్నర్లు, అంటే ఎదుటివాడికి అందకుండా గెలిచిన షాట్లు, 94కు 54. ఈ లెక్కల్లో ఫెదరర్‌దే పైచేయి, ఫలితంలో తప్ప. దీన్ని నేను అన్యాయం అంటాను.

గడ్డి కోర్టు

అన్యాయం ఏముంది? ఫెదరర్ గెలిచిన సెట్లు 6-1, 6-4. ఓడిన మూడూ టైబ్రేక్‌లే. ఒక సెట్టును 6-1తో గెలిచినా ఒక్క సెట్టే. ఎన్నికల్లో ఒక నియోజకవర్గంలో లక్ష మెజారిటీ వచ్చినా ఒక్క సీటే కదా.

బాలల శిక్షకుడు

రెండో సర్వీసు గారి బాధ నాకు అర్థమైంది కానీ, ఆ రెండు పాయింట్లనూ శిక్షకుడి కంటితో చూస్తే అదృష్టం పాలు తక్కువే. మొదటిదాంట్లో ఫెదరర్ ఫోర్‌హ్యాండ్ బయటకు వెళ్లింది. రెండోదాంట్లో ఆయన ఫోర్‌హ్యాండ్ కొట్టి నెట్ దగ్గరకు వచ్చాడు, అయితే ఆ బంతి జకోవిచ్‌ను ఇబ్బంది పెట్టేంత లోతుగానూ పడలేదు, మూలకూ పడలేదు. జకోవిచ్ దాన్ని కోర్టుకు అడ్డంగా, నెట్ దగ్గర ఉన్నవాడికి అందకుండా దాటించాడు. అంతకు ముందు ఆ మనిషి చేసినది ఒక్కటే, సర్వీసును ఎలాగైనా తిరిగి కోర్టులో వేయడం. ప్రత్యర్థికి గెలుపు ఒక్క అడుగు దూరంలో ఉన్నప్పుడు మరో బంతి కొట్టవలసిన పరిస్థితి కల్పించడమే ఆయన విద్య. 2011 అమెరికన్ ఓపెన్ సెమీస్‌లో కూడా, అదే ఫెదరర్, అదే 40-15, అయిదో సెట్లో 5-3. అక్కడ మాత్రం జకోవిచ్ మొదటి పాయింటును రిటర్న్‌తోనే, ఒక్క ఫోర్‌హ్యాండ్ దెబ్బతో ముగించాడు. ఒకచోట సాహసం, మరొకచోట ఓపిక. రెండుసార్లూ గెలిచింది ఆయనే.

ప్రేక్షకులంతా "రోజర్, రోజర్" అని అరుస్తుంటే దాన్ని "నొవాక్, నొవాక్" అని వినే ప్రయత్నం చేశానని ఆయన 2019 ఫైనల్ తర్వాత చెప్పిన మాట కూడా ఇక్కడ గుర్తు చేసుకోవాలి.

రెండో సర్వీసు

మీ విశ్లేషణ కాదనలేను. అయినా నా తమ్ముడిని క్షమించలేదు.

కృష్ణలంక

నాకు గోరాన్ ఇవానిసెవిచ్ చాలు. మూడుసార్లు వింబుల్డన్ ఫైనల్లో ఓడి, భుజం దెబ్బతిని, ప్రపంచ 125వ ర్యాంకుకు జారి, 2001లో వైల్డ్ కార్డ్ మీద, అంటే నిర్వాహకులు ఇచ్చిన ప్రత్యేక ప్రవేశంతో, వచ్చాడు. వాన వల్ల హెన్మన్‌తో సెమీస్ మూడు రోజులు సాగింది, రాఫ్టర్‌తో ఫైనల్ సోమవారానికి వాయిదా పడింది. అయిదో సెట్లో 8-7తో సర్వీసు. మొదటి ఛాంపియన్‌షిప్ పాయింటు: డబుల్ ఫాల్ట్. రెండోది: మళ్లీ డబుల్ ఫాల్ట్. ప్రపంచంలో అతి భయంకరమైన సర్వీసు ఉన్నవాడు, తన జీవితానికంతటికీ కావలసిన ఆ ఒక్క సర్వీసును కోర్టులో వేయలేకపోయాడు. మూడోదాన్ని రాఫ్టర్ లాబ్‌తో కాపాడుకున్నాడు. ఒక్కో పాయింటుకు ముందు గోరాన్ ఆకాశం వైపు చూసి మొక్కుకున్నాడు. నాలుగోసారి రాఫ్టర్ రిటర్న్ నెట్‌కు తగిలింది. నేలమీద బోర్లా పడిపోయాడు. మొక్కులన్నీ ఒకేసారి తీర్చుకున్న మనిషిలా కనిపించాడు.

తెనాలి మాష్టారు

ఈ ఇవానిసెవిచ్‌నే 1995లో ఢిల్లీలో, డేవిస్ కప్ పోటీలో, మన లియాండర్ పేస్ తొలి రెండు సెట్లూ ఓడిపోయి కూడా అయిదు సెట్లలో ఓడించాడు. గడ్డి మీద, ఆ సర్వీసును ఎదుర్కొని. పేస్ మరుసటి ఏడాది అట్లాంటా ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చినప్పుడు దేశమంతా ఆశ్చర్యపోయింది కానీ, ఢిల్లీ మ్యాచ్ చూసినవాళ్లు అంతగా ఆశ్చర్యపోలేదు.

సాగరతీరం

అదే 1996లో సంప్రాస్ కూడా ఉన్నాడు. అమెరికన్ ఓపెన్ క్వార్టర్ ఫైనల్లో కొరెత్యాతో అయిదో సెట్టు టైబ్రేక్ ఆడుతూ కోర్టులోనే వాంతి చేసుకున్నాడు. ర్యాకెట్టును చేతికర్రలా ఆనించి నిలబడ్డాడు. 6-7 దగ్గర మ్యాచ్ పాయింటును పక్కకు దూకి వాలీతో, అంటే బంతి నేలను తాకకముందే కొట్టి, కాపాడుకున్నాడు. 7-7 దగ్గర మొదటి సర్వీసు తప్పింది. నిలబడడానికే ఓపిక లేనివాడు రెండో సర్వీసును ఏస్ కొట్టాడు. దాంతో కొరెత్యా చేయి బిగుసుకుపోయి డబుల్ ఫాల్ట్ చేశాడు. ఆ ఏడాది మే నెలలోనే సంప్రాస్ శిక్షకుడు టిమ్ గలిక్సన్ మెదడు క్యాన్సరుతో చనిపోయారు. ఫైనల్ సెప్టెంబరు 8న జరిగింది, ఆ రోజు గలిక్సన్ పుట్టినరోజు. సంప్రాస్ గెలిచాడు.

రెండో సర్వీసు

ముర్రే ఊసు ఎవరూ ఎత్తలేదు. 2013 వింబుల్డన్ ఫైనల్ చివరి గేమును ఒక్క మాటలో చెబుతాను: 40-0 నుంచి మూడు ఛాంపియన్‌షిప్ పాయింట్లు వరుసగా పోగొట్టుకొని, మూడు బ్రేక్ పాయింట్లు (పోతే తన సర్వీసు గేము ఎదుటివాడికి పోయే పాయింట్లు) కాచుకొని, నాలుగోసారి గెలిచాడు. ఫ్రెడ్ పెర్రీ తర్వాత 77 ఏళ్లకు వింబుల్డన్ గెలిచిన బ్రిటన్ పురుషుడు. ఎదుట ఉన్నది జకోవిచ్ కనుక, 40-0 దగ్గర కూడా నాకు నమ్మకం కుదరలేదు. ఎందుకో పైన రాశాను.

గడ్డి కోర్టు

రెండో సర్వీసు గారు లెక్కల అన్యాయం గురించి రాశారు. 2025 జూన్ 8 నాటి ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్ సంగతి ఏమంటారు? సినర్ రెండు సెట్లు గెలిచి, నాలుగో సెట్లో 5-3, అల్కరాస్ సర్వీసులో 0-40. మూడు ఛాంపియన్‌షిప్ పాయింట్లు. అల్కరాస్ మూడింటినీ కాచుకొని, ఆ గేము గెలిచి, తర్వాతి గేములో సినర్ సర్వీసును బ్రేక్ చేసి, సెట్టు గెలిచి, అయిదో సెట్టు టైబ్రేక్‌లో 10-2తో ముగించాడు. అయిదు గంటల 29 నిమిషాలు, ఆ టోర్నీ చరిత్రలోనే సుదీర్ఘమైన ఫైనల్. మొత్తం పాయింట్లు: సినర్‌కు 193, అల్కరాస్‌కు 192.

రెండో సర్వీసు

అంటే ఇది అన్యాయం కాదు, అలవాటు అన్నమాట.

బాలల శిక్షకుడు

ఆ మ్యాచ్‌లో నాకు నచ్చినది 0-40 దగ్గర అల్కరాస్ ముఖం. అయితే నేను పిల్లలకు చెప్పేది సినర్ గురించి. సరిగ్గా అయిదు వారాల తర్వాత, జూలై 13న, వింబుల్డన్ ఫైనల్లో అదే అల్కరాస్‌కు మొదటి సెట్టు పోగొట్టుకొని, తర్వాత మూడు సెట్లూ 6-4, 6-4, 6-4తో గెలిచాడు. మూడు ఛాంపియన్‌షిప్ పాయింట్లు మింగి అయిదు వారాలు నిద్రపోగలగడం నేర్పే పాఠం నా దగ్గర లేదు. ఉంటే ఆ తండ్రిగారు కట్టిన ఫీజుకు న్యాయం జరిగేది.

ఎర్రమట్టి

అందరికీ ధన్యవాదాలు. మీరు రాసినవన్నీ చదివాక హాస్ మ్యాచ్‌ను రాత్రి మళ్లీ పెట్టి చూశాను. ఇన్నేళ్లూ ఫెదరర్ పాదాలే చూశాను. సాగరతీరం గారు ఓడినవాడి బ్యాక్‌హ్యాండ్ గురించి రాసినందువల్ల కాబోలు, ఈసారి హాస్ వైపే చూశాను. ఆ పాయింటులో ఆయన చేసిన తప్పు నాకేమీ కనిపించలేదు. ఆయన ఆ జూన్‌లోనే హాలే గడ్డి కోర్టు ఫైనల్లో జకోవిచ్‌ను ఓడించి టైటిల్ గెలిచాడు, వింబుల్డన్ క్వార్టర్స్‌లో మళ్లీ జకోవిచ్‌నే ఓడించాడు. సెమీస్‌లో ఎదురైంది ఫెదరర్. మూడు సెట్లలో ముగిసింది. ఆ మ్యాచ్‌ను ఎవరైనా మొదటి నుంచి చివరి దాకా చూసి ఉంటే, హాస్‌కు అందులో బ్రేక్ పాయింట్లు వచ్చాయా, వస్తే అప్పుడు ఫెదరర్ ఎటు కొట్టాడో దయచేసి రాయండి.